ఎఫ్12 నొక్కి చూద్దాం: ఫైలు ఎందుకు ఎక్కట్లేదు?

అడ్మిషన్ల కాలం కదా, ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఫైల్ అప్‌లోడ్ గురించే. ఫొటో ఎక్కట్లేదు, మార్కుల మెమో ఎక్కట్లేదు, బ్రౌజర్ ఏదో హెచ్చరిక చూపిస్తోంది, దాన్ని ఎలా తీసేయాలి అని అడుగుతున్నారు. "ఎలా తీసేయాలి" అన్నచోట నేను కాస్త ఆగుతాను. బ్రౌజర్ ఇచ్చే హెచ్చరికల్లో కొన్ని కోడ్ రాసేవాళ్ల కోసం. వాటిని చదివి, తప్పు సరిచేసుకోవాలి. ఇంకొన్ని అవతల ఫోన్ పట్టుకుని కూర్చున్న మనిషిని కాపాడటానికి పెట్టినవి. వాటిని తీసేసే హక్కు మనకు లేదు, ఉండకూడదు కూడా. మీ ఉత్తరాలను నేను ఈ దృష్టితోనే చదివాను.

ప్రశ్న: మా జూనియర్ కాలేజీ అడ్మిషన్ సైటు నేనే తయారుచేశాను. పేజీ ఒక డొమైన్‌లో, ఫారం అందుకునే సర్వర్ కోడ్ (పీహెచ్‌పీ) వేరే సబ్‌డొమైన్‌లో ఉన్నాయి. ఆఫీసులో స్కాన్ చేసిన మెమోలు చక్కగా అప్‌లోడ్ అవుతున్నాయి. పిల్లలు ఫోన్‌తో ఫొటో తీసి పంపితే మాత్రం సీఓఆర్ఎస్ ఎర్రర్ వస్తోంది. పీహెచ్‌పీలో హెడర్లన్నీ పెట్టాను, అయినా పోవట్లేదు. — కంప్యూటర్ లెక్చరర్, జనగామ

జవాబు: హెడర్లను అలాగే ఉంచండి సర్, తప్పు అక్కడ లేదు. సీఓఆర్ఎస్ అంటే, ఒక డొమైన్‌లోని పేజీ ఇంకో డొమైన్ ఇచ్చిన జవాబును చదవాలంటే, జవాబుతో పాటు వచ్చే హెడర్లలో (సమాచారం చెప్పే లైన్లలో) అనుమతి ఉండాలన్న బ్రౌజర్ నియమం. హెడర్లే తప్పయితే ఆఫీసు స్కాన్లు కూడా ఆగిపోవాలి కదా. పేజీ అదే, సర్వర్ అదే, కోడ్ అదే. మారింది ఫైలు సైజు ఒక్కటే. స్కాన్ చేసిన మెమో కొన్ని వందల కేబీల్లో ఉంటుంది. ఫోన్ కెమెరా ఫొటో మూడు నుంచి ఐదు ఎంబీ ఉండటం మామూలే.

ఒక పని చేయండి. ఫోన్‌తో తీసిన ఫొటో ఒకటి లాప్‌టాప్‌లోకి తెచ్చుకుని, ఎఫ్12 నొక్కి (బ్రౌజర్ ఎర్రర్లు రాసే కన్సోల్ అక్కడ ఉంటుంది), అదే ఫారంలో పంపండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోలా తెచ్చుకోవద్దు, అది సైజు తగ్గించేస్తుంది. కేబుల్‌తోనే తెచ్చుకోండి. కన్సోల్‌లో సీఓఆర్ఎస్ అని పడిన ఎర్ర లైను దగ్గర ఆగిపోకుండా దాని కిందిది కూడా చదవండి. అక్కడ 413 అన్న అంకె (పంపినది మరీ పెద్దదని చెప్పే ఎర్రర్) కనిపించే అవకాశం ఎక్కువ. కనిపించకపోయినా సర్వర్‌లో ఇంజినెక్స్ (రిక్వెస్టులను ముందుగా అందుకునే ప్రోగ్రామ్) ఎర్రర్ లాగ్ తెరిస్తే "క్లయింట్ ఇంటెండెడ్ టు సెండ్ టూ లార్జ్ బాడీ" అని, పక్కనే ఎన్ని బైట్లు పంపబోయారో కూడా రాసి ఉంటుంది.

జరుగుతున్నది ఇదీ. మీ పీహెచ్‌పీకి ముందు ఇంజినెక్స్ కూర్చుని ఉంది. దాని "క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్" సెట్టింగ్ మనం మార్చకపోతే 1 ఎంబీయే. అంతకంటే పెద్దది వస్తే అది తనంతట తానే 413 అని తిప్పి పంపేస్తుంది. కాలేజీ గేటు దగ్గరే వాచ్‌మన్ వెనక్కి పంపేస్తే లోపలున్న ప్రిన్సిపాల్‌కి ఆ సంగతి తెలియదు కదా, ఇదీ అంతే. మీ హెడర్లు పీహెచ్‌పీలో ఉన్నాయి. ఇంజినెక్స్ తిప్పి పంపిన జవాబులో అవి లేవు. హెడర్ లేని జవాబును చూసి బ్రౌజర్ సీఓఆర్ఎస్ అని చెప్పింది. అది అబద్ధం చెప్పలేదు, కానీ అసలు కారణం దాని వెనక ఉండిపోయింది. హెడర్లను ఇంజినెక్స్‌లోనే పెట్టుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. "యాడ్ హెడర్" లైను చివర "ఆల్వేస్" అని రాయకపోతే 413 లాంటి ఎర్రర్ జవాబులకు ఆ హెడర్ అంటుకోదు.

గేటు దాటాక పీహెచ్‌పీలో ఇంకో రెండు కొలతలున్నాయి. "అప్‌లోడ్ మ్యాక్స్ ఫైల్‌సైజ్" ఒక్కో ఫైలుకి హద్దు. మామూలుగా ఇది 2 ఎంబీ. "పోస్ట్ మ్యాక్స్ సైజ్" ఫారం మొత్తానికి హద్దు, ఇది 8 ఎంబీ. మొదటిది దాటితే ఫైల్స్ అర్రేలో (వచ్చిన ఫైళ్ల వివరాల జాబితాలో) ఎర్రర్ నంబరు 1 వస్తుంది, మీరు పట్టుకోవచ్చు. రెండోది దాటితే పోస్ట్ (ఫారంలో నింపిన వివరాలు), ఫైల్స్ రెండు అర్రేలూ ఖాళీగా వస్తాయి. అప్పుడు మీ కోడ్ ఏం చేస్తుందో ఊహించండి. పేరు లేదు, తండ్రి పేరు లేదు, హాల్‌టికెట్ నంబరు లేదు, అన్నీ నింపమని పిల్లాడికి ఎర్రగా చూపిస్తుంది. వాడు అప్పటికే అన్నీ నింపాడు. మళ్లీ నింపుతాడు. మళ్లీ అదే వస్తుంది. తప్పు తనదేననుకుని నెట్ సెంటర్‌కి పరుగెత్తి డబ్బులిచ్చి చేయించుకుంటాడు. నేను కాలేజీ సైట్లు చేసే మనిషిని, ఇది కళ్లారా చూస్తూనే ఉన్నాను. అందుకే పీహెచ్‌పీలో మొట్టమొదటి లైన్లలోనే ఈ పరీక్ష పెట్టండి: వచ్చింది పోస్ట్ రిక్వెస్టే, కంటెంట్ లెంగ్త్ సున్నా కంటే ఎక్కువ, కానీ అర్రేలు రెండూ ఖాళీ. అలా ఉంటే "ఫైళ్లు మరీ పెద్దవి" అని తెలుగులో చెప్పి, అక్కడితో ఆపేయండి.

మీ ఫారంలో ఫొటో, మెమో, కుల ధ్రువీకరణ పత్రం మూడూ ఉంటాయనుకుంటాను. ఫైలుకి 6 ఎంబీ, ఫారం మొత్తానికి 20, ఇంజినెక్స్‌లోనూ 20 పెడితే సరిపోతుంది. కానీ హద్దులు పెంచడంతో పని పూర్తి కాలేదు. ఒకటి రెండు గీతల సిగ్నల్ ఉన్న ఊళ్లో పదిహేను ఎంబీ పంపమనడం అన్యాయం. ఫొటోను బ్రౌజర్‌లోనే తగ్గించండి. "క్రియేట్ ఇమేజ్ బిట్‌మ్యాప్"తో తెరిచి, కాన్వాస్ మీద చిన్నగా గీసి, "టు బ్లాబ్"తో జేపెగ్‌గా, క్వాలిటీ 0.8 పెట్టి బయటికి తీస్తే నాలుగు ఎంబీల ఫొటో కొన్ని వందల కేబీలకు దిగుతుంది. మెమో విషయంలో మాత్రం పొదుపు వద్దు. పొడుగు వైపు 1600 పిక్సెల్స్ కంటే తగ్గించకండి. హాల్‌టికెట్ నంబరులో 3, 8 కలిసిపోతే ఆ పిల్లాడి సీటు మీదికే వస్తుంది. ఎంచుకున్నది పీడీఎఫ్ అయినా, బ్రౌజర్‌కి తెరవడం చేతకాని ఫొటో అయినా అసలు ఫైలునే పంపేయండి.

ఎంత పంపాం అన్నది చూపించాలంటే ఫెచ్ (పేజీ నుంచి సర్వర్‌కి డేటా పంపే జావాస్క్రిప్ట్ పద్ధతి) పనికిరాదు, అప్‌లోడ్ ఎంతవరకు వెళ్లిందో అది చెప్పదు. పాత ఎక్స్‌ఎంఎల్ హెచ్‌టీటీపీ రిక్వెస్టే వాడండి, దాని "అప్‌లోడ్" మీద ప్రోగ్రెస్ ఈవెంట్ వస్తుంది. నూరు శాతం అంటే బ్రౌజర్ పంపేసిందని మాత్రమే, సర్వర్ దాచుకుందని కాదు. నూరు పడగానే "అయిపోయింది" అని రాయకండి. "సేవ్ అవుతోంది, పేజీ మూయకండి" అని రాసి, సర్వర్ జవాబు వచ్చాకే అప్లికేషన్ నంబరు చూపించండి.

ప్రశ్న: ఫార్మ్‌డేటాలో ఫైలు పెట్టి ఫెచ్‌తో పంపుతున్నాను. కంటెంట్ టైప్ హెడర్‌లో మల్టీపార్ట్ ఫార్మ్ డేటా అని కూడా రాశాను. పీహెచ్‌పీలో ఏమీ రావట్లేదు. — ఫ్రీలాన్సర్, ఒంగోలు

జవాబు: ఆ హెడర్ లైను కొట్టేయండి. మల్టీపార్ట్‌లో ఒక భాగానికీ ఇంకో భాగానికీ మధ్య బౌండరీ అనే గుర్తు ఉంటుంది, దాన్ని బ్రౌజరే ప్రతిసారీ తయారుచేసి హెడర్‌లో రాస్తుంది. మీరు చేత్తో రాయడంతో బౌండరీ లేని హెడర్ వెళ్లింది. ఎక్కడ తెంపాలో పీహెచ్‌పీకి తెలియలేదు.

ప్రశ్న: అక్కా, మా ప్రాజెక్టులో "ఫైల్ ఎంచుకోండి" బటన్ నొక్కగానే ముందు లాగిన్ ఉందో లేదో సర్వర్‌ని అడుగుతాం. ఉంది అని జవాబు వచ్చాక కోడ్‌తోనే ఫైల్ ఇన్‌పుట్‌ని క్లిక్ చేయిస్తున్నాం. ఒకోసారి గ్యాలరీ తెరుచుకుంటుంది, ఒకోసారి తెరుచుకోదు. కన్సోల్‌లో "ఫైల్ ఛూజర్ డైలాగ్ కెన్ ఓన్లీ బి షోన్ విత్ ఎ యూజర్ యాక్టివేషన్" అని పసుపు రంగులో వస్తోంది. ఇంకోటి, ఫైలు పేరు చూపిస్తే ముందు "సి:\ఫేక్‌పాత్\" అని పడుతోంది. ఆ ఫోల్డరే మా కంప్యూటర్‌లో లేదు. వైరస్సా? రివ్యూ దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది. — బీటెక్ విద్యార్థిని, భీమవరం

జవాబు: వైరస్ కాదు చెల్లీ, టెన్షన్ వద్దు. ముందు మొదటిది చూద్దాం.

మనిషి వేలితో నొక్కిన వెంటనే అయితేనే బ్రౌజర్ ఫైల్ పికర్ (ఫైలు ఎంచుకునే కిటికీ) తెరుస్తుంది. లేకపోతే ఏ పేజీ అయినా తెరవగానే ఫైళ్ల కిటికీలు మీద పడేస్తుంది. ఆ "వెంటనే"కి క్రోమ్ ఇచ్చే గడువు దాదాపు ఐదు సెకన్లు. మీ సర్వర్ తొందరగా జవాబిచ్చినప్పుడు గడువు లోపల పడి పికర్ వస్తోంది, హాస్టల్ వైఫై నత్తనడక నడిచినప్పుడు గడువు దాటిపోతోంది. ఒకోసారి పని చేసి ఒకోసారి చేయకపోవడానికి కారణం అదే. లాగిన్ పరీక్ష పేజీ తెరుచుకున్నప్పుడే చేసేసుకోండి. బటన్ నొక్కగానే మధ్యలో అవెయిట్ (జవాబు కోసం ఆగడం) ఏదీ లేకుండా పికర్ తెరవండి. మళ్లీ అడగాల్సింది ఏమైనా ఉంటే ఫైలు ఎంచుకున్నాక అడగండి. అసలు జావాస్క్రిప్ట్ క్లిక్ లేకుండానే ఒక లేబుల్ పెట్టి, దాని "ఫర్"కి ఇన్‌పుట్ ఐడీ ఇచ్చినా సరిపోతుంది. నేనైతే అలాగే చేస్తాను. కాకపోతే ఇన్‌పుట్‌ని "డిస్‌ప్లే నన్" పెట్టి పూర్తిగా మాయం చేయకండి. కీబోర్డుతో, స్క్రీన్ రీడర్‌తో వాడేవాళ్లకు అది అందకుండా పోతుంది. కంటికి కనిపించకుండా, ఫోకస్ మాత్రం అందేలా సీఎస్ఎస్ రాయండి.

ఇక ఫేక్‌పాత్. పాత రోజుల్లో కొన్ని బ్రౌజర్లు ఫైల్ ఇన్‌పుట్ వేల్యూలో పూర్తి దారి ఇచ్చేసేవి. ఏ డ్రైవు, ఏ ఫోల్డర్, అందులో మనిషి పేరు అన్నీ వెబ్‌సైటుకి తెలిసిపోయేవి. అది ఆపాలని పేరు ఒక్కటే ఇస్తే, వెనక గీత కోసం వెతికే పాత కోడ్లు పాడయ్యాయి. అందుకని దారి ఉన్నట్టే కనిపించే ఒక ఉత్తుత్తి ముక్కను ముందు తగిలించారు. హెచ్‌టీఎంఎల్ ప్రమాణంలోనే ఇది రాసి ఉంది. మీరు వేల్యూ వాడకండి. "ఫైల్స్" లిస్టులో సున్నా స్థానంలోని ఫైలు "నేమ్" తీసుకుంటే శుభ్రంగా వస్తుంది.

రివ్యూలో అడుగుతారు కాబట్టి ఇంకొకటి చెబుతాను. ఒక ఫైలు ఎంచుకుని, ఫెయిలయ్యాక మళ్లీ అదే ఫైలు ఎంచుకుంటే ఛేంజ్ ఈవెంట్ రాదు, ఎందుకంటే ఏమీ మారలేదు. పని అయ్యాక వేల్యూని ఖాళీ స్ట్రింగ్ చేసేయండి. కోడ్ నుంచి అందులో పెట్టగలిగింది ఆ ఖాళీ ఒక్కటే, ఇంకేం పెట్టబోయినా "ఇన్‌వాలిడ్ స్టేట్ ఎర్రర్" వస్తుంది. మనకు తెలియకుండా మన ఫైలును ఎవరూ తీసుకోకూడదని పెట్టిన కట్టుబాటు అది.

ప్రశ్న: మా సహకార సంఘం ఆఫీసులో నెలవారీ లెక్కల ఎక్సెల్ షీటు అప్‌లోడ్ చేయడానికి చిన్న పేజీ రాశాను. క్లర్కు షీటు ఎంచుకుంటాడు, అప్పుడేదో తప్పు గుర్తొచ్చి ఎక్సెల్‌లో సరిచేసి సేవ్ చేస్తాడు, తర్వాత పేజీలో పంపు నొక్కుతాడు. ఫెయిల్ అవుతుంది. కన్సోల్‌లో "ఎర్ అప్‌లోడ్ ఫైల్ ఛేంజ్‌డ్" అని ఉంది. ఎంచుకోగానే ఫైలు మొత్తం మెమరీలోకి చదివేసుకుంటే ఈ గొడవ ఉండదని ఒకరు చెప్పారు. చేయమంటారా? — అకౌంటెంట్, తణుకు

జవాబు: మీ ఆఫీసు లెక్కలకైతే వద్దండీ.

ఫైలు ఎంచుకున్నప్పుడు బ్రౌజర్ దాన్ని కాపీ చేసుకోదు. ఫలానా ఫైలు, చివరిసారి ఫలానా టైముకి మారింది అని గుర్తు పెట్టుకుంటుంది, అంతే. పంపే సమయంలో ఆ టైము మారిపోయి కనిపిస్తే క్రోమ్ ఆగిపోతుంది. వాడుకరి ఎంచుకున్నప్పుడు ఉన్న ఫైలు ఇది కాదు కాబట్టి పంపనంటుంది. న్యాయమైన మాటే. మీకు చెప్పిన ఉపాయం ఎర్రర్‌ని నిజంగానే పోగొడుతుంది. కానీ మెమరీలో ఉన్నది సరిచేయక ముందటి షీటు. క్లర్కు సరిచేసి, సేవ్ చేసి, పంపు నొక్కి, "విజయవంతం" అన్న ఆకుపచ్చ మాట చూసి ఇంటికెళ్తాడు. సర్వర్‌కి వెళ్లింది మాత్రం తప్పుల షీటు. ఎర్రర్ వచ్చి ఆగిపోవడం వెయ్యి రెట్లు నయం.

ఇలా చేయండి. పంపు నొక్కగానే, ఫెచ్ కంటే ముందు, "స్లైస్"తో ఫైలులో మొదటి బైటు ఒక్కటి తీసి "అర్రే బఫర్"గా చదివి చూడండి. ఫైలు మారి ఉంటే అక్కడే "నాట్ రీడబుల్ ఎర్రర్" వస్తుంది. దాన్ని పట్టుకుని, ఇన్‌పుట్ ఖాళీ చేసి, "మీరు ఎంచుకున్నాక ఈ షీటు మారింది. దయచేసి మళ్లీ ఎంచుకోండి" అని చూపించండి. ఫెచ్ ఎర్రర్ కోసం ఎదురుచూస్తే అది "ఫెయిల్డ్ టు ఫెచ్" అని మాత్రమే చెబుతుంది, నెట్ పోయిందో ఫైలు మారిందో మీ కోడ్‌కి తెలియదు. ఎంచుకున్న ఫైలు పేరు పక్కన "లాస్ట్ మోడిఫైడ్" టైము కూడా చూపించండి. "ఉదయం 10:42కి సేవ్ చేసిన షీటు" అని కళ్ల ముందు ఉంటే క్లర్కు తనే గమనిస్తాడు.

మెమరీలోకి చదివే ఉపాయం పనికొచ్చే చోటు వేరే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్లౌడ్ స్టోరేజ్ నుంచి ఫొటో ఎంచుకుంటే, ఎవరూ ఏమీ మార్చకపోయినా ఒకోసారి ఇదే ఎర్రర్ వస్తుంది. అక్కడ ఎంచుకోగానే చదివేసుకుని, ఆ బైట్లతో కొత్త ఫైలు తయారుచేసి పంపడం సరైన పనే.

ప్రశ్న: నేను తెలుగు టీచర్ని. మా పిల్లల కథల పోటీకి ఒక పేజీ చేయించి, నేర్చుకుంటూ నేనే చూసుకుంటున్నాను. కథ రాస్తూ పొరపాటున బ్యాక్ నొక్కితే "లీవ్ సైట్? ఛేంజెస్ యూ మేడ్ మే నాట్ బి సేవ్డ్" అని ఇంగ్లిష్‌లో వస్తోంది. దానికి బదులు "నీ కథ పోతుంది, ఆగు" అని తెలుగులో పెట్టాలని ఎంత ప్రయత్నించినా రావట్లేదు. — పార్వతీపురం

జవాబు: టీచర్ గారూ, ఎంత చక్కటి మాట పెట్టాలనుకున్నారో! కానీ అది ఆ కిటికీలో రాదు. 2016లో ఫైర్‌ఫాక్స్ 44, క్రోమ్ 51 వెర్షన్ల నుంచి ఆ కిటికీలో మన సొంత మాటలు చూపించడం మానేశాయి. మోసగాళ్లు అక్కడ "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, పేజీ మూస్తే అన్నీ పోతాయి" లాంటి బెదిరింపులు రాసి జనాన్ని కదలనివ్వకుండా చేసేవారు. అందుకే ఇప్పుడు బ్రౌజర్ తన మాటే చెబుతుంది. పిల్లవాడి క్రోమ్ భాషను తెలుగుకి మార్చితే ఆ మాట తెలుగులోనే వస్తుంది.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. మీ పిల్లల్లో ఎక్కువమంది అమ్మ ఫోన్‌లోనో నాన్న ఫోన్‌లోనో రాస్తూ ఉంటారు. ఆ కిటికీని తెప్పించే "బిఫోర్ అన్‌లోడ్" ఈవెంట్‌ని ఫోన్‌లలో నమ్ముకోలేం. ఐఫోన్ సఫారీలో అసలు రాదు. ఆండ్రాయిడ్‌లో కాల్ వచ్చి వేరే యాప్‌లోకి వెళ్లి, ఇటీవలి యాప్‌ల లిస్టులో బ్రౌజర్‌ని పక్కకు తోసేస్తే ఏ కిటికీ రాకుండానే పేజీ పోతుంది. పైగా పేజీలో ఎక్కడా ముట్టుకోకపోతే కంప్యూటర్‌లో కూడా ఆ కిటికీ రాదు.

కాబట్టి కథ పోతుందని చెప్పడం కంటే కథ పోకుండా చూడటం మీద శ్రమ పెడదాం. పిల్లవాడు టైపు చేయడం ఆపిన ఒకటి రెండు సెకన్లకు రాసినదాన్ని బ్రౌజర్‌లోనే ఉండే లోకల్ స్టోరేజ్‌లో దాచండి. "విజిబిలిటీ ఛేంజ్" ఈవెంట్‌లో ఇంకోసారి దాచండి. యాప్ మారినప్పుడు అది వస్తుంది, ఫోన్‌లో మనకు దొరికే చివరి నమ్మకమైన అవకాశం అదే. తిరిగి వచ్చినప్పుడు పేజీ పైన "నువ్వు రాస్తున్న కథ ఇక్కడే భద్రంగా ఉంది, కొనసాగించు" అని పెట్టండి. మీ తెలుగు మాట అక్కడ ఎంత పెద్ద అక్షరాల్లోనైనా రాసుకోవచ్చు. కథకు బొమ్మ కూడా జత చేస్తున్నారేమో తెలియదు. చేస్తుంటే బొమ్మ లోకల్ స్టోరేజ్‌లో పట్టదు, అది అక్షరాలకే. ఫైలును ఉన్నదున్నట్టు దాచాలంటే బ్రౌజర్‌లోనే ఉండే ఇండెక్స్‌డ్‌డీబీ అనే ఇంకో నిల్వ వాడాలి. మీ పేజీ చేసిన అబ్బాయికి ఈ పేరు చెబితే చాలు, చేసి పెడతాడు.

రెండు జాగ్రత్తలు. స్కూల్ ల్యాబులో ఒకే కంప్యూటర్ మీద నలుగురు రాస్తారు కాబట్టి, కథ పంపాక దాచిన ప్రతి చెరిపేయాలి, మధ్యలో చెరుపుకోవడానికి ఒక బటన్ కూడా ఉండాలి. బిఫోర్ అన్‌లోడ్‌ని పూర్తిగా తీసేయనక్కర్లేదు. దాచని మార్పు ఉన్నప్పుడే తగిలించి, "పంపు" నొక్కగానే విప్పేయండి. లేకపోతే కథ పంపుతుండగానే "వెళ్లిపోతావా?" అని అడుగుతుంది. బెదిరిన పిల్ల క్యాన్సిల్ నొక్కుతుంది, కథ మీకు చేరదు.

ప్రశ్న: మా నెట్ సెంటర్‌లో ఒక సిస్టంలో ఏ సైటు తెరిచినా "యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్" అని వస్తోంది. మిగతా సిస్టమ్‌లు బాగానే ఉన్నాయి. అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకు వెళ్లమని కస్టమర్లకు చెబుతున్నాం. — మదనపల్లె

జవాబు: ఆ సిస్టంలో కింద కుడి మూల తేదీ చూడండి. కొన్నేళ్లు వెనక్కి వెళ్లి ఉంటుంది. హెచ్చరిక కింద "సర్ట్ డేట్ ఇన్‌వాలిడ్" అని ఉంటే ఇక అనుమానమే లేదు. సైటు అసలైనదేనని బ్రౌజర్‌కి చూపే సర్టిఫికెట్‌కి మొదలు తేదీ, ముగింపు తేదీ ఉంటాయి. సిస్టం గడియారం తప్పైతే ప్రతి సర్టిఫికెట్టూ చెల్లనట్టే కనిపిస్తుంది. తేదీ సరిచేయండి. రాత్రి స్విచ్ కట్టేస్తే మర్నాటికి మళ్లీ పాత తేదీ వస్తుంటే మదర్‌బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. ఏ కంప్యూటర్ షాపులోనైనా దొరుకుతుంది.

అంతవరకు ఆ సిస్టం మీద ఎవరినీ కూర్చోబెట్టకండి. మీ దగ్గరికి వచ్చేవాళ్లు ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ స్కాన్లు అప్‌లోడ్ చేస్తారు. ఎర్ర పేజీ వస్తే అడ్వాన్స్‌డ్ నొక్కి వెళ్లిపోవాలన్న అలవాటు మీ సెంటర్‌లో నేర్చుకుని ఇంటికెళ్తే, రేపు నిజంగా దొంగ సైటు ఎదురైనా అదే చేస్తారు. దయచేసి ఈ రోజే ఆపండి. అన్ని సిస్టమ్‌లలోనూ ఒకే ఒక్క సైటుకి ఇలా వస్తే మాత్రం తప్పు ఆ సైటువాళ్లది, వాళ్లు సర్టిఫికెట్ రెన్యువల్ మర్చిపోయి ఉంటారు. వాళ్లకు ఫోన్ చేయండి.

ప్రశ్న: పెళ్లి ఫొటోగ్రాఫర్ల కోసం సైటు చేశాను. ఫోల్డర్ మొత్తం ఎంచుకునేలా వెబ్‌కిట్ డైరెక్టరీ పెట్టాను. ఎంచుకోగానే "ఇన్ని ఫైళ్లు ఈ సైటుకి అప్‌లోడ్ చేయాలా? నమ్మకం ఉంటేనే చేయండి" అన్న అర్థంలో క్రోమ్ అడుగుతోంది. కస్టమర్లు భయపడుతున్నారు. తీసేయొచ్చా? — వెబ్ డెవలపర్, కరీంనగర్

జవాబు: తీసేయలేరు. తీసేయగలిగితే నేను ఈ కాలమ్‌లో అందరికీ ఫోల్డర్ ఎంచుకోవద్దని రాయాల్సి వచ్చేది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ అనుకోకుండా ఎంచుకున్న మనిషికి ఆ ప్రశ్న ఒక్కటే రక్షణ. బటన్ పైనే ముందుగా చెప్పేయండి: "ఎన్ని ఫొటోలు పంపుతున్నారో బ్రౌజర్ అడుగుతుంది, అంకె సరిచూసుకుని ఒప్పుకోండి." ముందే తెలిస్తే భయం ఉండదు. ఫొటోలన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉంటే "మల్టిపుల్" పెట్టి, కంట్రోల్ ఏ నొక్కి అన్నీ ఎంచుకోమనండి, ఆ ప్రశ్న రాదు. పీహెచ్‌పీ అయితే ఒక రిక్వెస్ట్‌లో 20 ఫైళ్ల కంటే తీసుకోదు, ఆ సెట్టింగ్ "మ్యాక్స్ ఫైల్ అప్‌లోడ్స్". దాన్ని పెంచడం కంటే ఫొటోలను ఒక్కొక్కటిగా పంపడమే మేలు. మధ్యలో నెట్ పోతే ఆగిన చోటి నుంచి మొదలుపెట్టొచ్చు.

ప్రశ్న: మా చిన్న పత్రికకు విలేకరులు ఊరి పేరుతోనే ఫైళ్లు పంపుతారు, పేర్లు తెలుగులోనే ఉంటాయి. గుంటూరు, తెనాలి, నూజివీడు బాగానే దొరుకుతాయి. కైకలూరు, మైలవరం, వైజాగ్ మాత్రం ఒకోసారి వెతికితే దొరకవు. లిస్టులో కళ్ల ముందే ఉంటాయి! పాత మ్యాక్ వాడే విలేకరి పంపినవాటికే ఇలా అవుతోంది. — ఉప సంపాదకుడు, విజయవాడ

జవాబు: ఈ నెల నాకు అన్నిటికంటే నచ్చిన ప్రశ్న ఇది. మీరు రాసిన పేర్లలోనే జవాబు ఉంది. దొరకని మూడింటిలోనూ ఐత్వం ఉంది, దొరికే మూడింటిలో లేదు.

యూనికోడ్‌లో తెలుగు ఐత్వాన్ని రెండు రకాలుగా రాయవచ్చు. ఒకే గుర్తుగా ఒకటి. ఎత్వం, దాని కింద వేసే ఐత్వపు గుర్తు, ఇలా రెండు ముక్కలుగా ఇంకొకటి. తెర మీద రెండూ అచ్చంగా ఒకేలా కనిపిస్తాయి. తెలుగు గుణింతపు గుర్తుల్లో ఇలా రెండుగా విడిపోయేది ఐత్వం ఒక్కటే. పాత మ్యాక్‌లలోని హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైల్ సిస్టమ్ ఫైలు పేర్లను విడదీసిన రూపంలో దాచుకుంటుంది. మీరు కీబోర్డు మీద వెతుకుతున్నది కలిపిన రూపం. కంప్యూటర్‌కి అవి రెండు వేరే మాటలు.

కన్సోల్‌లో చూసుకోండి. మీరు టైపు చేసిన "మైలవరం" లెంగ్త్ అడిగితే 6 వస్తుంది. మ, ఐత్వం, ల, వ, ర, సున్నా, మొత్తం ఆరు. ఆ విలేకరి ఫైలు పేరుకి 7 వస్తుంది. "నార్మలైజ్" అని పిలిచి ఎన్ఎఫ్‌సీ (కలిపిన రూపం) అని ఇస్తే అదీ 6 అవుతుంది.

ఫైలు ఎంచుకోగానే పేరును ఇలా సరిచేసి పంపండి. సర్వర్‌లో ఇంకోసారి చేయండి. పీహెచ్‌పీలో ఇంటిల్ ఎక్స్‌టెన్షన్‌తో వచ్చే "నార్మలైజర్" ఉంది. వెతికే పెట్టెలో టైపు చేసినదానికీ అదే వర్తింపజేయండి. డిస్కు మీద మాత్రం ఊరి పేరుతో దాచకండి. వార్తకు మీరిచ్చే నంబరుతో దాచి, తెలుగు పేరును డేటాబేసులో ఒక కాలమ్‌లో పెట్టుకోండి. ఒకే రోజు రెండు "మైలవరం"లు వస్తే ఒకదాని మీద ఇంకొకటి పడే ప్రమాదం కూడా తప్పుతుంది.

ఇప్పటికే చేరిన పేర్లన్నిటినీ ఒకేసారి సరిచేయడానికి చిన్న స్క్రిప్ట్ చాలు. నడిపే ముందు డేటాబేసు బ్యాకప్ తీసుకోండి. కలిపిన రూపంలోకి మార్చాక ఒకే పేరు రెండుసార్లు వచ్చే వరసలు ఏమైనా ఉంటే వాటిని స్క్రిప్ట్ ముట్టుకోకుండా విడిగా లిస్టు వేయించండి. ఆ నాలుగైదింటిని మీరే తెరిచి చూసి, ఏది ఏ రోజు వార్తో తేల్చుకోవాలి.